లినక్స్‌లో టచ్‌ప్యాడ్ మొరాయిస్తోందా? కమాండ్ కొట్టే ముందు ఒక్క నిమిషం

"అన్నయ్యా, నువ్వు వేసిన ఆ లినక్స్‌లో రైట్ క్లిక్ లేదు. నాకు మళ్లీ విండోసే వేసిచ్చెయ్."

హలో లేదు, ఎలా ఉన్నావని లేదు. మా బాబాయి కూతురు ఫోన్ ఎత్తగానే అన్న మొదటి మాట ఇది. డిగ్రీ ఫైనలియర్ చదువుతోంది, ప్రాజెక్ట్ రిపోర్ట్ ఇవ్వడానికి మూడు వారాలే ఉంది. లాప్‌టాప్ 2017లో కొన్నది. ఏడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే విండోస్ 11కి అధికారికంగా సపోర్ట్ ఉంది కాబట్టి దీనికి ఆ దారి లేదు. విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది. "కొత్తది కొనాలంటావా?" అని బాబాయి అడిగినప్పుడు ఆయన గొంతులో వినిపించింది ప్రశ్న కాదు, లెక్క. ఏ నెల ఏ చీటీ ఎత్తాలి అన్న లెక్క. అందుకే వద్దన్నాను. ర్యామ్ పెంచి, పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టి, లినక్స్ వేసిచ్చాను. బూట్ అయ్యే టైమ్ చూసి బాబాయి మురిసిపోయాడు కూడా.

మూడో రోజుకి ఈ ఫోన్.

నా అనుభవంలో లినక్స్ వేసుకుని వెనక్కి వెళ్లిపోయినవాళ్లలో కెర్నల్ నచ్చకో, ఫైల్ సిస్టమ్ నచ్చకో వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు. చేతి కింద ఉండేది మొరాయిస్తేనే వెళ్తారు. కీబోర్డ్ పనిచేస్తుంది, స్క్రీన్ పనిచేస్తుంది, వైఫై కూడా ఈ రోజుల్లో చాలావరకు పనిచేస్తుంది. టచ్‌ప్యాడ్ మాత్రం "పనిచేస్తోంది కానీ..." అన్న చోట ఆగిపోతుంది. ఆ "కానీ" రోజుకి వెయ్యిసార్లు వేలికి తగులుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లినక్స్‌లో టచ్‌ప్యాడ్ సపోర్ట్ చెత్త అనే మాట పదేళ్ల కింద నిజం. ఇప్పుడు సగానికి సగం కంప్లయింట్లు డ్రైవర్‌వి కావు. కొన్ని డీఫాల్ట్ సెట్టింగ్‌లవి, కొన్ని ఎప్పటివో పాత సలహాలవి, కొన్ని అసలు లినక్స్‌కి సంబంధమే లేనివి. మిగిలిన సగంలో మాత్రం డెస్క్‌టాప్ తయారు చేసేవాళ్లు నిజంగానే తిట్లు తినాలి. ఆ సంగతికీ వస్తాను.

రైట్ క్లిక్ ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు. విండోస్‌లో టచ్‌ప్యాడ్ కింద కుడి మూల నొక్కితే రైట్ క్లిక్ అవుతుంది కదా. లినక్స్‌లో దీనికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి ఏరియా పద్ధతి, అంటే విండోస్‌లాగే మూల నొక్కడం. రెండోది ఫింగర్ పద్ధతి. ప్యాడ్ మీద రెండు వేళ్లు ఆనించి నొక్కితే రైట్ క్లిక్, మూడు వేళ్లతో నొక్కితే మిడిల్ క్లిక్. మ్యాక్‌బుక్ వాడినవాళ్లకి ఇది అలవాటే. 2018లో వచ్చిన గ్నోమ్ 3.28 నుంచి ఆ డెస్క్‌టాప్ రెండో పద్ధతినే డీఫాల్ట్ చేసింది. ఎవరికీ చెప్పలేదా అంటే రిలీజ్ నోట్స్‌లో చెప్పింది. రిలీజ్ నోట్స్ చదివి లాప్‌టాప్ తెరిచే మనిషిని నేనింకా చూడలేదు!

"రెండు వేళ్లు పెట్టి నొక్కు" అన్నాను. అటువైపు రెండు సెకన్లు నిశ్శబ్దం. "ఓ... వచ్చింది. ఇది ముందే చెప్పచ్చుగా?"

చెప్పచ్చు. నేనే కాదు, ఆ డెస్క్‌టాప్ కూడా మొదటిసారి లాగిన్ అయినప్పుడు చెప్పచ్చు. కొత్త గ్నోమ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి మౌస్ అండ్ టచ్‌ప్యాడ్ తెరిస్తే సెకండరీ క్లిక్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అక్కడ మూల నొక్కే పద్ధతి ఎంచుకోవచ్చు. పాత వెర్షన్ అయితే ట్వీక్స్ అనే యాప్ విడిగా వేసుకోవాలి.

ట్యాప్ కథ కూడా ఇలాంటిదే. వేలితో తడితే క్లిక్ అవ్వడం లేదని గోల పెట్టినవాళ్లు ఎంతమందో. లినక్స్‌లో మౌస్, టచ్‌ప్యాడ్, కీబోర్డ్ అన్నిటి ఇన్‌పుట్‌నీ చూసుకునే లైబ్రరీ పేరు లిబ్‌ఇన్‌పుట్. బటన్ ఉన్న టచ్‌ప్యాడ్‌లలో అది ట్యాప్‌ని కావాలనే ఆఫ్‌లో ఉంచుతుంది. ట్యాప్ అనేది ఒకటుందని తెలిసినవాడు సెట్టింగ్ వెతుక్కుని ఆన్ చేసుకుంటాడు, తెలియనివాడికి మాత్రం చెయ్యి తగిలినప్పుడల్లా ఎక్కడెక్కడో క్లిక్‌లు పడి పిచ్చెక్కుతుంది అన్నది వాళ్ల వాదన. వాదనగా బాగానే ఉంది. కానీ మన దగ్గర 30 వేల లాప్‌టాప్ కొన్నవాడు విండోస్‌లో మొదటి రోజు నుంచీ తడుతూనే ఉన్నాడు. గ్నోమ్ వాళ్లు ఈ సంగతి ఒప్పుకుని, 2024లో 46వ వెర్షన్‌తో ట్యాప్‌ని డీఫాల్ట్‌గా ఆన్ చేశారు. లేటు అయినా సరైన పని.

పాత సలహాలే అసలు వైరస్

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. టచ్‌ప్యాడ్ సమస్య అని నెట్‌లో వెతికితే మొదట దొరికేవన్నీ 2010, 2012 నాటి సలహాలు. సిన్‌క్లయింట్ అనే కమాండ్ కొట్టమంటాయి. అది పాత సినాప్టిక్స్ డ్రైవర్ కాలంనాటిది. 2015 నుంచి డిస్ట్రోలు ఒక్కొక్కటిగా లిబ్‌ఇన్‌పుట్‌కి మారిపోయాయి, ఫెడోరా అయితే ఆ ఏడాది వచ్చిన 22వ వెర్షన్‌లోనే మారింది. కాబట్టి ఆ కమాండ్ కొడితే "సినాప్టిక్స్ డ్రైవర్ లోడ్ అవ్వలేదా?" అని అదే మనల్ని ఎదురు అడుగుతుంది. దాంతో మనవాడు ఇంకో సలహా వెతికి ఆ పాత డ్రైవర్ ఇన్‌స్టాల్ చేస్తాడు. ఇప్పుడు చాలా డెస్క్‌టాప్‌లు వేలాండ్ మీద నడుస్తున్నాయి, అక్కడ ఈ పాత డ్రైవర్‌కి పాత్రే లేదు. ఎన్ని వేసినా మార్పు ఉండదు. ఎక్స్‌ఇన్‌పుట్ కమాండ్ పరిస్థితీ అంతే. వేలాండ్‌లో అది మీ టచ్‌ప్యాడ్‌ని చూపించదు, ఒక ఉత్తుత్తి పాయింటర్‌ని చూపిస్తుంది.

అక్కడితో ఆగితే పర్లేదు. తర్వాత మెట్టు గ్రబ్ ఫైల్. అక్కడ ఒకడు ఏసీపీఐని ఆఫ్ చేయమంటాడు. ఇప్పటి లాప్‌టాప్‌లలో చాలావరకు టచ్‌ప్యాడ్‌లు ఐ2సీ అనే లైన్ మీద కనెక్ట్ అయి ఉంటాయి. యూఎస్‌బీ పెన్‌డ్రైవ్‌లాగా "నేనొచ్చాను" అని తమంతట తాము చెప్పుకునే రకం కాదు అవి. ఫలానా అడ్రస్‌లో ఫలానా టచ్‌ప్యాడ్ ఉందని కెర్నల్‌కి చెప్పేదే ఏసీపీఐ టేబుల్. దాన్ని ఆపేస్తే టచ్‌ప్యాడ్ బాగవ్వడం కాదు కదా, ఉన్నదీ కనపడకుండా పోతుంది. బ్యాటరీ పర్సంటేజ్ కూడా దాంతోపాటే పోతుంది. ఇది తలనొప్పికి తల తీసేసే వైద్యం.

సుడోతో మొదలయ్యే లైన్ ఏదైనా కాపీ కొట్టే ముందు తేదీ చూడండి. సలహా పదేళ్ల కిందటిదైతే, అది ఎంత మర్యాదగా రాసి ఉన్నా సరే, దాటేయండి.

మరి ఏం చేయాలి?

ముందు సమస్య ఏ అంతస్తులో ఉందో తెలుసుకోవాలి. కింద హార్డ్‌వేర్, దాని మీద కెర్నల్, దాని మీద లిబ్‌ఇన్‌పుట్, అన్నిటికంటే పైన డెస్క్‌టాప్, యాప్‌లు. మూడో అంతస్తులో నీళ్లు రాకపోతే మోటారు విప్పుతామా? ముందు ట్యాంకులో నీళ్లున్నాయో లేదో చూస్తాం.

ట్యాంకు చూసే పద్ధతి చాలా సింపుల్. లిబ్‌ఇన్‌పుట్ వాళ్ల టూల్స్ ప్యాకేజీ ఒకటుంటుంది. ఉబుంటు, డెబియన్‌లలో లిబ్‌ఇన్‌పుట్-టూల్స్ అని, ఫెడోరాలో లిబ్‌ఇన్‌పుట్-యుటిల్స్ అని. అది వేసుకుని టెర్మినల్‌లో సుడో లిబ్‌ఇన్‌పుట్ డీబగ్-ఈవెంట్స్ అని కొట్టండి. ఇప్పుడు టచ్‌ప్యాడ్ మీద వేలు కదపండి. ప్రతి కదలికకీ, ప్రతి క్లిక్‌కీ ఒక్కో లైన్ పడుతూ పోతుంది. రైట్ క్లిక్ చేస్తే రైట్ బటన్ అనే లైన్ పడింది, కానీ స్క్రీన్ మీద మెనూ రాలేదు అంటే తప్పు పై అంతస్తుది. డెస్క్‌టాప్ సెట్టింగ్, లేదా ఆ యాప్. అసలు ఒక్క లైనూ పడలేదంటే కింద చూడాలి, కెర్నల్ లేదా హార్డ్‌వేర్. ఒక్క నిమిషం పని. దీంతో సగం నెట్ వెతుకులాట మిగిలిపోతుంది.

అదే టూల్‌లో లిస్ట్-డివైసెస్ అని అడిగితే మీ టచ్‌ప్యాడ్ జాతకం మొత్తం వస్తుంది. ట్యాప్ ఉందా, క్లిక్ పద్ధతి ఏది, టైప్ చేసేటప్పుడు టచ్‌ప్యాడ్ ఆగుతుందా, అన్నీ. డీఫాల్ట్‌గా ఉన్నదాని పక్కన చుక్క గుర్తు ఉంటుంది. టచ్‌ప్యాడ్ సైజ్ మిల్లీమీటర్లలో చూపిస్తుంది. ఈ సైజ్ లైన్‌ని చాలామంది పట్టించుకోరు కానీ నా లెక్కలో ఇది బంగారం. ఒక స్కేలు తీసుకుని మీ టచ్‌ప్యాడ్‌ని నిజంగా కొలవండి. అది చూపించే సైజ్‌కీ స్కేలు చెప్పేదానికీ బాగా తేడా ఉంటే, కర్సర్ అడ్డంగా ఒక స్పీడ్‌లో నిలువుగా ఇంకో స్పీడ్‌లో వెళ్లడానికీ, అరచేయి తగిలినప్పుడు పిచ్చి క్లిక్‌లు పడటానికీ కారణం దొరికినట్టే. కొన్ని చవక టచ్‌ప్యాడ్‌ల ఫర్మ్‌వేర్ తన సైజ్ తానే తప్పు చెబుతుంది. అరచేయి ఏదో వేలు ఏదో లిబ్‌ఇన్‌పుట్ తేల్చేటప్పుడు ప్యాడ్ అంచులు ఎక్కడున్నాయో చూస్తుంది, అంచులే తప్పయితే అదేం చేస్తుంది పాపం. దీనికి మెజర్ టచ్‌ప్యాడ్-సైజ్ అని ఇంకో టూల్ ఉంది. మీరు కొలిచిన సైజ్ ఇచ్చి అంచుల వరకూ వేలు తిప్పితే, సరిచేసే ఎంట్రీని అదే రాసి ఇస్తుంది. దాన్ని ప్రాజెక్ట్‌కి పంపితే తర్వాతి అప్‌డేట్‌లో మీ మోడల్ వాడే ప్రతి ఒక్కరికీ ఆ సమస్య పోతుంది. నా దృష్టిలో ఒక లినక్స్ యూజర్ చేయగలిగిన అతి తేలికైన, అతి పనికొచ్చే సాయం ఇదే.

గేమర్లకి ఒక చిన్న మాట. కీబోర్డ్‌తో నడుస్తూ టచ్‌ప్యాడ్‌తో చుట్టూ చూడబోతే కర్సర్ ఆగిపోతోందా? టైప్ చేసేటప్పుడు టచ్‌ప్యాడ్ ఆపే ఫీచర్ డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, అదే కారణం. ఆడేటప్పుడు ఆఫ్ చేసుకోండి. మౌస్‌తో ఆడేవాళ్లు యాక్సిలరేషన్ ప్రొఫైల్‌ని ఫ్లాట్‌కి మార్చుకుంటే చెయ్యి ఎంత కదిలితే కర్సర్ అంతే కదులుతుంది. (టచ్‌ప్యాడ్‌తో షూటింగ్ గేమ్ ఎందుకు ఆడుతున్నారని నేను అడగను. హాస్టల్లో మేమూ ఆడాం.)

మూత మూస్తే చచ్చిపోయే టచ్‌ప్యాడ్

రైట్ క్లిక్ తేలిపోయిన వారానికి రెండో ఫోన్. "అన్నయ్యా, మూత మూసి తెరిస్తే మౌస్ కదలట్లేదు. రీస్టార్ట్ చేస్తే వస్తోంది. రిపోర్ట్ సేవ్ చేయకుండా రీస్టార్ట్ కొట్టాను, రెండు పేజీలు పోయాయి."

ఇది మాత్రం సెట్టింగ్ సమస్య కాదు, నిజమైన సమస్య. లాప్‌టాప్ సస్పెండ్ అయి లేచినప్పుడు టచ్‌ప్యాడ్‌ని మళ్లీ నిద్ర లేపడంలో డ్రైవర్ తడబడుతుంది. మామూలుగా అయితే డ్రైవర్‌ని తీసి మళ్లీ పెడితే చాలు, రీస్టార్ట్ అక్కర్లేదు. పాత పీఎస్2 రకం టచ్‌ప్యాడ్ అయితే మాడ్యూల్ పేరు పీఎస్‌మౌస్. మోడ్‌ప్రోబ్ కమాండ్‌తో తీసి, మళ్లీ అదే కమాండ్‌తో ఎక్కించాలి. ఐ2సీ రకమైతే ఐ2సీ-హెచ్‌ఐడీ-ఏసీపీఐ. అలా చేస్తే లేచి కూర్చుందంటే హార్డ్‌వేర్ బాగున్నట్టే.

కానీ అది మందు కాదు, పారాసిటమాల్. అసలు కారణం కోసం కెర్నల్ లాగ్ చూడాలి. జర్నల్‌సీటీఎల్‌కి మైనస్ కె పెట్టి కొట్టి, టచ్‌ప్యాడ్ అనే పదం వెతకండి. మా చెల్లి లాప్‌టాప్‌లో ఏం దొరికిందో తెలుసా? మీ టచ్‌ప్యాడ్ వేరే బస్ మీద కూడా పనిచేయగలనంటోంది, ఇంటర్‌టచ్ అనే పారామీటర్‌ని 1 చేసి చూడండి, ఫలితం మాకు రాయండి అని కెర్నలే చెబుతోంది! మెయిల్ అడ్రస్‌తో సహా. ఎన్ని నెలలుగా ప్రతి బూట్‌కీ ఆ లైన్ అక్కడ పడుతోందో, చూసినవాళ్లే లేరు. ఆ పారామీటర్ పెట్టాక మూత పదిసార్లు మూసి తెరిచాం, పదిసార్లూ లేచింది. కొన్ని లాప్‌టాప్‌లలో దీనికి పూర్తిగా ఉల్టా. 1గా ఉన్నదాన్ని 0 చేస్తేనే బాగవుతుంది. అందుకే పక్కవాడి సలహా కంటే మీ సొంత లాగ్ నమ్మండి.

ఐ2సీ వాళ్లకి ఇంకో చెక్ ఉంది. కొన్ని లాప్‌టాప్‌ల బయోస్‌లో టచ్‌ప్యాడ్‌కి బేసిక్, అడ్వాన్స్‌డ్ అని రెండు మోడ్‌లుంటాయి. బేసిక్ అంటే పాత పీఎస్2 పద్ధతి, అడ్వాన్స్‌డ్ అంటే ఐ2సీ. అడ్వాన్స్‌డ్‌లో అసలు కదలని టచ్‌ప్యాడ్ బేసిక్‌లో కదలచ్చు, కాకపోతే మల్టీటచ్ జెశ్చర్లు తగ్గుతాయి లేదా పోతాయి. కొత్త మోడల్ అయితే బేసిక్‌తో సరిపెట్టుకోకుండా కెర్నల్ అప్‌డేట్ చేసి చూడండి. 2020లో కొన్ని ఏఎండీ రైజెన్ గేమింగ్ లాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ అస్సలు పనిచేయలేదు. అందరూ టచ్‌ప్యాడ్ డ్రైవర్‌ని తిట్టారు. తీరా చూస్తే లోపం ఏఎండీ పిన్ కంట్రోలర్ డ్రైవర్‌లో ఉంది. వేలు పడిందని టచ్‌ప్యాడ్ కొట్టే గంట కెర్నల్‌కి సరిగా చేరట్లేదన్నమాట. కెర్నల్‌లో అది సరిచేశాక అవే లాప్‌టాప్‌లు మామూలుగా పనిచేశాయి.

లినక్స్ తప్పు కానివి

మూడో ఫోన్ వైర్‌లెస్ మౌస్ గురించి. "ప్రాజెక్ట్ చేసేటప్పుడే తడబడుతోంది, సినిమా చూసేటప్పుడు బాగానే ఉంటోంది." ఇది వినగానే నవ్వొచ్చింది. ప్రాజెక్ట్ ఫైళ్లు ఎక్కడున్నాయమ్మా అంటే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో. అది ఎక్కడ గుచ్చావ్ అంటే మౌస్ రిసీవర్ పక్క పోర్ట్‌లో. యూఎస్‌బీ 3.0 డేటా నడిచేటప్పుడు వచ్చే రేడియో నాయిస్ 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ పరికరాల మీద పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక వైట్ పేపర్ రాసింది. విండోస్‌లోనూ ఇంతే, మ్యాక్‌లోనూ ఇంతే. రిసీవర్‌ని అవతలి వైపు పోర్ట్‌కి మారిస్తే సరిపోయింది. రెండు పోర్ట్‌లూ ఒకే పక్కన ఉంటే చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొనుక్కోండి.

మౌస్ కాసేపు వదిలేసి ముట్టుకుంటే మొదట కదలకుండా, తర్వాత మెల్లగా లేస్తోందా? అది వేరే కథ. బ్యాటరీ ఆదా కోసం ఎవరైనా పవర్‌టాప్‌లో ఆటో-ట్యూన్ పెట్టారేమో చూడండి. అది మౌస్ ఉన్న పోర్ట్‌ని కూడా నిద్రపుచ్చేస్తుంది. ఆ ఒక్క పరికరానికి ఆటో సస్పెండ్ తీసేస్తే చాలు.

ఇక మన ఇళ్లకి బాగా సంబంధించినది ఒకటి. చార్జర్ పెట్టినప్పుడు మాత్రమే కర్సర్ గెంతుతోందా? చార్జర్ తీసి చూడండి. ఆగిపోయిందంటే అనుమానం ఎర్తింగ్ మీద, లేదా చార్జర్ మీద. టచ్‌ప్యాడ్ పనిచేసేదే వేలి వల్ల వచ్చే అతి చిన్న కెపాసిటెన్స్ మార్పుని కొలిచి. ఎర్త్ లేని ప్లగ్, లోకల్ చార్జర్ కలిస్తే ఆ నాయిస్‌లో వేలు ఎక్కడుందో దానికి అర్థం కాదు. లాప్‌టాప్ మెటల్ బాడీ మీద చెయ్యి పెడితే జిమ్ముమంటోందా, అదే సంగతి. డ్రైవర్ కాదు, ఎలక్ట్రీషియన్ కావాలి.

అన్నిటికంటే సీరియస్‌ది ఇది. టచ్‌ప్యాడ్ నొక్కితే దిగట్లేదు, లేదా తనంతట తానే క్లిక్ అవుతోంది, లేదా ఒక అంచు కొంచెం పైకి లేచింది అంటే వెంటనే లాప్‌టాప్ ఆఫ్ చేయండి. చాలా మోడల్స్‌లో బ్యాటరీ టచ్‌ప్యాడ్ కిందో పక్కనో ఉంటుంది. అది ఉబ్బితే మొదట తెలిసేది టచ్‌ప్యాడ్‌లోనే. దాన్ని అదిమి సెట్ చేయాలని చూడొద్దు. చార్జింగ్ పెట్టొద్దు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి బ్యాటరీ మార్పించండి. ఉబ్బిన బ్యాటరీ మీద కూర్చుని కాన్ఫిగ్ ఫైళ్లు ఎడిట్ చేస్తున్నవాళ్లు నాకు తెలుసు.

స్క్రోల్ గురించి మాత్రం నేను సమర్థించను

ఇంతవరకూ లినక్స్ తరఫున లాయర్‌లా మాట్లాడాను. ఇప్పుడు అవతలి పక్క.

రెండు వేళ్లతో స్క్రోల్ చేస్తే ఒక యాప్‌లో పేజీ పరుగెత్తుతుంది, ఇంకో యాప్‌లో నత్తనడక. ఎందుకిలా? పాత సినాప్టిక్స్ డ్రైవర్ స్క్రోల్‌ని తానే లెక్కేసేది. వేలు తీసేశాక కూడా పేజీ జారుతూ ఆగే ఎఫెక్ట్‌ని డ్రైవరే ఇచ్చేది. దాంతో ఒక తమాషా సమస్య ఉండేది. పేజీ ఇంకా జారుతుండగానే మీరు కంట్రోల్ కీ నొక్కితే, ఆ జారడం కాస్తా జూమ్‌గా మారి అక్షరాలు ఇంతింతై పోయేవి. అందుకే లిబ్‌ఇన్‌పుట్ ఆ పని మానేసింది. వేలు ఎంత కదిలిందో, ఎప్పుడు లేచిందో చెబుతాను, జారించడం, స్పీడ్ పెంచడం పైవాళ్లు చూసుకోండి అంది. ఇంజనీరింగ్‌గా నూటికి నూరుపాళ్లు కరెక్ట్.

కానీ ఆ పైవాళ్లు ఎవరు? జీటీకే ఒకలా, క్యూటీ ఒకలా, ఫైర్‌ఫాక్స్ ఒకలా, క్రోమ్ ఒకలా చూసుకున్నారు. కేడీఈ ప్లాస్మా వాళ్లు బుద్ధిగా స్క్రోల్ స్పీడ్ స్లైడర్ పెట్టారు. గ్నోమ్ సెట్టింగ్స్‌లో పాయింటర్ స్పీడ్ ఉంటుంది, స్క్రోల్ స్పీడ్ అనేది ఏళ్ల తరబడి లేనే లేదు. ఎప్పుడు ఎవరు అడిగినా ఇది లిబ్‌ఇన్‌పుట్‌లో ఉండాలా, డెస్క్‌టాప్‌లో ఉండాలా, టూల్‌కిట్‌లో ఉండాలా అనే చర్చే. యూజర్‌కి అంతస్తులతో పనేంటండీ? వాడికి కావాల్సింది ఒక స్లైడర్. అన్నదమ్ములు ముగ్గురూ "నాన్నని నువ్వు చూసుకో అంటే నువ్వు చూసుకో" అనుకుంటుంటే నాన్న అన్నం తినకుండా కూర్చున్నట్టుంది వ్యవహారం.

ఇంత తిట్టాక ఒక నిజం కూడా చెప్పాలి. లిబ్‌ఇన్‌పుట్ భారం చాలా ఏళ్లుగా ప్రధానంగా రెడ్ హ్యాట్‌లో పనిచేసే పీటర్ హట్టరర్ భుజాల మీదే ఉంది. కోట్లమంది వేళ్లు, వందల రకాల టచ్‌ప్యాడ్‌లు, మోయడానికి వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అయినా ముందుకే వెళ్లింది. 2019లో కెర్నల్ 5.0తో హై-రిజల్యూషన్ వీల్ స్క్రోల్ వచ్చింది. 2021లో గ్నోమ్ 40తో మూడు వేళ్ల జెశ్చర్లు వచ్చాయి, 2022లో ప్లాస్మా 5.25తో వేలు కదిలినంత మేరే స్క్రీన్ కదిలే జెశ్చర్లు వచ్చాయి. సపోర్ట్ లేదు అనే మాట ఇప్పుడు చెల్లదు. ఉన్న సపోర్ట్‌ని మనిషికి అర్థమయ్యేలా ముందు పెట్టట్లేదు అనేదే నా ఫిర్యాదు.

ఆ ఫిర్యాదులో నా వాటా కూడా ఉంది. మాలాంటి రివ్యూ రాసేవాళ్లం లాప్‌టాప్ వస్తే సినీబెంచ్ స్కోర్ రాస్తాం, స్క్రీన్ నిట్స్ రాస్తాం, టచ్‌ప్యాడ్ గురించి "పెద్దగా ఉంది, స్మూత్‌గా ఉంది" అని ఒక్క లైన్‌తో వదిలేస్తాం. పెన్‌డ్రైవ్‌లో లైవ్ లినక్స్ పెట్టి బూట్ చేయడానికి పది నిమిషాలు పట్టదు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు కూడా. ఇకనుంచి నేను రాసే ప్రతి లాప్‌టాప్ రివ్యూలో అది ఉంటుంది. టచ్‌ప్యాడ్ ఏ బస్ మీద ఉంది, చూపించే సైజ్ స్కేలుతో కలుస్తోందా, రెండు వేళ్ల క్లిక్, మూడు వేళ్ల స్వైప్ పడుతున్నాయా, ఐదుసార్లు మూత మూసి తెరిస్తే ఎన్నిసార్లు లేచింది. కొనే ముందు మీరూ షాపులో అడగచ్చు. మన షాపులవాళ్లు డెమో పీస్‌లో పెన్‌డ్రైవ్ పెట్టనిస్తారా అంటే అది మీ మాటకారితనం మీద ఆధారపడి ఉంటుంది.

మా చెల్లి రిపోర్ట్ టైమ్‌కే ఇచ్చేసింది. విండోస్ మాట మళ్లీ ఎత్తలేదు. ఫైర్‌ఫాక్స్‌లో స్క్రోల్ మల్టిప్లయర్ తగ్గించి ఇచ్చాను, అక్కడ బాగుందట. పీడీఎఫ్ తెరిస్తే మాత్రం ఇంకా రెండేసి పేజీలు ఒకేసారి పారిపోతున్నాయట. "దానికేం చేయాలి అన్నయ్యా?" అని నిన్న మెసేజ్ పెట్టింది. పేజ్ డౌన్ కీ వాడమన్నాను. కోపం బొమ్మ పంపించింది.